జొన్నకంకి పచ్చబొట్టు

నా కుడి చేతి మీద ఒక జొన్నకంకి ఉంది. పచ్చబొట్టు. మణికట్టు దగ్గర మొదలై మోచేతికి నాలుగు వేళ్ళ కిందికి వచ్చి ఆగుతుంది. పదిహేనేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఏదని ఎవరైనా అడిగితే చెయ్యి చాపి దీన్నే చూపించాలి. ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగకుండా నేనే చూసుకున్నాను.

చెప్పుకుంటే సిగ్గుచేటు. అయినా చెప్పాలి. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదనిపించింది. తెలిసినవాళ్ళకు చెప్పబోతే వాళ్ళ మొహం చూడగానే నా మాట దానంతట అదే పక్కకు జరుగుతుంది. మాట మార్చడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. దానివల్ల ఏమైందో చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. పేరు రాయను. పేరు రాయకపోవడం కూడా పిరికితనమేనని తెలుసు. ఇంతవరకే చేతనైంది.

నేను పాలమూరు జిల్లాలో ఒక మిషన్ దవాఖానలో నర్సును. కల్వకుర్తి నుంచి బండి మీద ఒక పూట ప్రయాణం. అంతకంటే ఆనవాలు చెప్పను. మాది వెలివాడ. తాతల కాలం నుంచి గుంటెడు జాగా లేని ఇల్లు. నాయిన పటేలు దగ్గర జీతం ఉండేవాడు. అలాంటి ఇంటి నుంచి వచ్చి తెల్లచీర కట్టి, పటేలు కోడలికి కూడా పురుడు పోసి, ఆ ఇంటివాళ్ళతో "నర్సమ్మా" అనిపించుకున్నదాన్ని. మా వాడలో ఇప్పటికీ నా పేరు చెప్పి పిల్లలను బడికి పంపుతారు. అది విన్నప్పుడల్లా వాళ్ళ మొహం చూడకుండా వచ్చేస్తాను. ఎందుకంటే ఈ తెల్లచీర నాది కాదు. మణెమ్మది.

మణెమ్మ మా చిన్నమ్మ బిడ్డ. నాకన్నా రెండేళ్ళు చిన్నది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం పచ్చబొట్లు పొడిచే ఆమె మా వాడకు వచ్చింది. ముందు ఎవరెవరికో చుక్కలు, తేళ్ళు పొడిచింది. మా చిన్నమ్మ మాత్రం తన బిడ్డకు కంకి పొడవమని పట్టుబట్టింది. జొన్నకంకి. అదీ కుడి చేతికే. జొన్నగటక తినే చేతి మీద కంకి ఉంటే ఆ చేతికి ఎన్నడూ తిండి తక్కువ కాదని ఆమె నమ్మకం. అలాంటిది తానెప్పుడూ పొడవలేదని ఆ ఆడమనిషి నవ్వింది. చిన్నమ్మ బొగ్గుముక్కతో నేల మీద గీసి చూపించింది. "మా అక్క బిడ్డకు సుత గిదే పొడువు" అన్నది. అట్లా ఇద్దరికీ ఒకటే కంకి వచ్చింది.

ఆముదం దీపం మసిని తల్లిపాలతో కలుపుతారు, పచ్చబొట్టు చల్లగా కూర్చుంటుందని. అప్పుడు చిన్నమ్మకు చంటిపిల్లాడున్నాడు. కొబ్బరిచిప్పలోకి పాలు పిండింది. ఆ పాలతోనే ఇద్దరికీ పొడిచారు. మణెమ్మ ఏడవలేదు. నేను వాడంతా వినేటట్టు ఏడ్చాను. చిన్నమ్మ నన్నే ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, తన బిడ్డను కాదు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో తెలియదు. రాయకుండా ఉండలేకపోయాను.

మరుసటి ఏడే గత్తర వచ్చింది, దవాఖానలో కలరా అనేది. చిన్నమ్మ, చంటివాడు ఒకే వారంలో పోయారు. చిన్నాయన మారుమనువు చేసుకుని అచ్చంపేట దిక్కు వెళ్ళిపోయాడు. మణెమ్మ మా ఇంట్లో మిగిలింది. ఒకే చాప మీద పడుకున్నాం, ఒకే ముంతలో తాగాం. తరువాత మా వాడ మొత్తం బాప్తిస్మం తీసుకుంది. ఒక గుడిసె బడి అయింది, ఒక పంతులు వచ్చాడు. నేను నాలుగో పుస్తకం దగ్గర ఆగిపోయాను. మణెమ్మ ఆగలేదు. పంతులు దగ్గరున్న పుస్తకాలన్నీ చదివేసి, చదవడానికి ఇంకేమీ లేక క్వినైను డబ్బాల మీది రాతలు చదివేది. పుస్తకాల తెలుగు ఆమె నోట నీళ్ళలా వచ్చేది. దీన్ని గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

పదహారో ఏట నేను దవాఖానలో ఆయాగా చేరాను. ఊడ్చేదాన్ని, బెడ్‌పాన్లు ఎత్తేదాన్ని. రెండేళ్ళు చేశాను. డాక్టరమ్మను మేమంతా దొరసాని అనేవాళ్ళం. కోపం ఉన్న మనిషే కానీ కపటం లేదు. ఆమె తెలుగు ఎక్కడో కోస్తా దిక్కున పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నది. మా మాట ఆమెకు సగమే అర్థమయ్యేది, ఆమె మాట మా వాళ్ళకు సగం కూడా అయ్యేది కాదు. మధ్యలో నిలబడి ఆమెది వీళ్ళకు, వీళ్ళది ఆమెకు చెప్పడం మెల్లమెల్లగా నా పనైంది. అందరూ నన్ను చూసే చూపు దానితో మారింది. నర్సు పని నేర్పడానికి ఒకమ్మాయిని తీసుకుంటారట అని విన్నప్పుడు నా పేరు తప్ప ఇంకో పేరు నా మనసులోకి రాలేదు.

దొరసాని మణెమ్మను ఎంచుకుంది. ఒక ఆదివారం మా వాడ బడికి వచ్చి మణెమ్మతో చదివించి విన్నది. వానలు పడ్డాక వచ్చి చేరమన్నది. ఆ ఏటికి ఒక్కరే. నాతో ఒక్క మాట అన్నది: నీకు పని వచ్చు, చదువు చాలదు. తప్పేం లేదు అందులో. నిజమే. కానీ నిజం కాబట్టి మంట తగ్గుతుందా? ఆ రోజు దవాఖాన వరండా మూడుసార్లు ఊడ్చాను.

ఇక్కడికి పచ్చబొట్టు సంగతి వచ్చింది. మా వాడ పంతులు పెళ్ళానికి పచ్చబొట్లంటే పడదు. అవి పాతదేవతల గుర్తులని, తెల్లచీర కట్టేవాళ్ళకు పనికిరావని మణెమ్మతో అన్నదట. మణెమ్మకు భయం పట్టుకుంది. నేను ఇంటికి వచ్చినప్పుడు బతిమాలింది: దొరసానిని ఒక్కమాట అడుగక్కా, ఈ కంకి ఉంటే రానిస్తదో లేదో. నేను అడిగాను. అంతవరకు నా మనసులో ఏమీ లేదు, నిజంగానే లేదు. ఆనాడు దొరసాని ఎండకాలానికి కొండల మీదికి పోవడానికి పెట్టె సర్దుకుంటోంది. తల ఎత్తి నా చేతి వైపు చూసి, నీకున్నటువంటిదేనా అని అడిగి, ఇలా చెప్పింది. ఆ మాటలు ఇవాళ్టికీ పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"అది ఆమె చెయ్యి. ఆమె యిష్టము. ఉండినను నాకు సమ్మతమే, పోయినను సమ్మతమే. తీసివేయవలెనని ఆమెకే తోచినయెడల నేను తిరిగి వచ్చువరకు ఆగవలెను. నాటుమందు పెట్టవద్దని తప్పక చెప్పుము."

తప్పక చెప్పుము అన్నది. నేను తలూపాను.

శనివారం ఇంటికి నడుచుకుంటూ వెళ్ళాను. ఆరు మైళ్ళు. ఆ ఆరు మైళ్ళలో ఎక్కడ నా బుద్ధి తిరిగిందో ఎన్నిసార్లు వెతికానో లెక్కలేదు. బయలుదేరేటప్పుడు మాట సరిగ్గానే ఉంది. ఊరు కనబడేసరికి వేరే మాట తయారై ఉంది. నన్ను నేను సమర్థించుకోవడానికి కాదు కానీ ఒకటి చెప్పాలి. మణెమ్మ చెయ్యి కాలాలని నేను కోరుకోలేదు. నేననుకున్నది వేరు. మణెమ్మకు ఆ కంకి అంటే ప్రాణం. పడుకునేటప్పుడు ఆ చెయ్యి చెంప కింద పెట్టుకునేది. తీసేసుకోమంటే తీసుకోదు, నర్సు పనే వద్దంటుంది, ఆ జాగా నాకు వస్తుంది. ఇదీ నా లెక్క. ఆమెకు వాళ్ళమ్మ మీదున్న ప్రేమను అడ్డం పెట్టి ఆమె బతుకును దారి మళ్ళిద్దామనుకున్నాను. ఇట్లా రాస్తే ఎంత పెద్ద మోసంలా కనిపిస్తోందో. ఆనాడు మాత్రం చిన్న అబద్ధమే అనిపించింది.

చింతపండు రోజులు. గుడిసె నీడలో కూర్చుని ఇద్దరం గింజలు తీస్తున్నాం. చేతులన్నీ జిగట. ఆమే అడిగింది.

"అక్కా, దొరసాని ఏమన్నది?"

నేను తల ఎత్తలేదు. "తీసేసుకొని రమ్మన్నది."

"గట్లనే అన్నదా?"

"గట్లనే."

చింతగింజలు నాలుగైదు గంపలో పడ్డాయి. "మరి నీకున్నది గద?"

దీనికి కూడా జవాబు తయారుగా ఉంది. "నేను పెంటలెత్తే ఆయాను. నర్సంటే అందరి పుండ్లు ముట్టాలె. గది వేరు, గిది వేరు."

"తియ్యకుంటే రానియ్యదంటవా?"

"నాకేం ఎరుక. నేను విన్నది చెప్పిన."

ఆమె చేతిని తుడుచుకుని కంకి వైపు చూసుకుంది. "అమ్మది ఇంకేం లేదక్కా నాకాడ. ఒక కోక పేలిక సుత లేదు." మళ్ళీ తనే అన్నది, "జీడిరసం పెడితే పోతదంట. చాకలోళ్ళ ఇంట్ల ఉంటదిగా."

నేను ఇంకో పండు అందుకుని గింజ తీశాను.

"నువ్వు చెప్పక్కా. నువ్వైతే ఏం జేస్తవు? తీస్తవా, ఉంచుకుంటవా?"

ఇక్కడ ఆగుతాను. ఇక్కడ నాకు ఇంకో అవకాశం ఉంది. అబద్ధం చెప్పి ఇంకా పావుగంట కూడా కాలేదు. మరిచిపోయిన అని, జర తప్పు చెప్పిన అని, నవ్వేసి మొత్తం సరిచేయవచ్చు. జీడిరసం సంగతి నాకు తెలియనిది కాదు. దవాఖాన దుప్పట్లకు చాకలి ఎల్లయ్య నల్లజీడి గింజ రసంతోనే గుర్తులు పెట్టేవాడు. ముందు వేళ్ళకు నూనె రాసుకోకుండా దాన్ని ముట్టేవాడు కాదు. ఒకసారి మరిచిపోతే వేళ్ళు బొబ్బలెక్కి వారం రోజులు ముద్ద కలుపుకోలేకపోయాడు. ఆ బొబ్బలకు మందు రాసింది నేనే. అదంతా ఆ నిమిషాన గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనే చెబుతున్నాను, మరిచిపోయానని చెప్పను.

ఆమె నా మొహంలోకి చూస్తోంది. ఈ సంగతి అడగడానికి ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు.

"నీ చెయ్యి మణెమ్మా," అన్నాను. "నీ ఇష్టం."

ఆకుకు అందకుండా పోకకు పొందకుండా చెప్పే మాట అది. పైగా దొరసాని మాటే. ఆమె చెప్పిన దాంట్లో ఈ ఒక్క ముక్కను తీసి, మిగతాదంతా మింగి, నా అబద్ధానికి జతచేసి ఇచ్చాను. ఆ మాట దొరసాని నోట స్వేచ్ఛ. నా నోట తప్పించుకోవడం. మాట ఒకటే కదా, అందులో అబద్ధం లేదు కదా అని ఎన్నో ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నాకే అసహ్యం వేసేదాకా చెప్పుకున్నాను.

నా లెక్క తప్పింది. అమ్మ గుర్తును వదులుకోదని అనుకున్నాను కదా. ఆమె నాలుగు రోజులు ఆలోచించిందట. ఐదో రోజు చాకలివాళ్ళింటికి పోయి రెండు జీడిగింజలు అడిగి తెచ్చుకుంది. కాల్చి, కారిన రసం తుమ్మముల్లుతో కంకి మీద గింజ గింజకూ తనే పెట్టుకుంది. ఎవరినీ ముట్టనివ్వలేదట. మూడో నాటికి చెయ్యి ఉబ్బింది, బొబ్బలు లేచాయి. బొబ్బ చితికితే కింద ఇంకా పచ్చగానే కనబడింది. వానలు దగ్గరపడుతున్నాయని మళ్ళీ పెట్టింది. పైన సున్నం కూడా. రెండోసారి పెట్టినప్పుడు ఎంత నొప్పి ఉంటుందో నర్సుగా నాకు తెలుసు. చిన్నప్పుడు పొడిచేటప్పుడు ఏడవనిది ఇప్పుడు ఏడ్చిందట. మా అమ్మ చెప్పింది.

మణెమ్మ చెయ్యి బాగలేదని నాకు కబురు వచ్చింది. వచ్చిన రోజే పోవచ్చు. దొరసాని లేకపోయినా కంపౌండరు ఉన్నాడు, బోరిక్ పొడి ఉంది, కట్టు గుడ్డ ఉంది. నేను పోలేదు. పని ఉందన్నాను. ఇరవై రోజులు పని ఉందన్నాను. తేలు కుట్టిన దొంగలా గమ్మున ఉండిపోయాను. పోతే ఎందుకు పెట్టుకున్నావని అడగాలి, అడిగితే నువ్వే చెప్పినవు గదక్కా అంటుంది. ఆ మాట వినలేక ఆమె చేతిని కుళ్ళనిచ్చాను. నేను చేసిన వాటిలో దేన్ని పెద్దదనాలో నాకు తెలియదు. ఒకరోజు అబద్ధం అంటాను, ఒకరోజు ఈ ఇరవై రోజులంటాను.

తొలి వాన పడింది. దొరసాని తిరిగి వచ్చింది. అదే వారం నాయిన ఎడ్లబండి అడుక్కుని మణెమ్మను తీసుకొచ్చాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా కంకి లేదు, చర్మం లేదు. జ్వరంతో కళ్ళు మూసుకుని ఉంది. దొరసాని పుండు కడుగుతోంది, నేను పక్కన బేసిను పట్టుకుని నిలబడ్డాను. ఆమె కోపంగా నన్నే అడిగింది. నాటుమందు పెట్టవద్దని చెప్పి పంపితిని గదా, ఈమె యేల పెట్టుకొన్నది?

దొరసానితో మాట్లాడటానికి నేర్చుకున్న పుస్తకాల తెలుగులోనే నేను జవాబిచ్చాను.

"చెప్పినాను అమ్మా. ఆమె వినలేదు."

దొరసాని నిట్టూర్చి పుండు మీదికి వంగింది. మణెమ్మ కళ్ళు తెరవలేదు. మొహం మాత్రం గోడ వైపు తిప్పుకుంది. నొప్పికి తిప్పుకుందనుకున్నాను. అట్లా అనుకోవడానికే నాకు ఇష్టం. ఆ తెలుగు నాకన్నా ఆమెకే బాగా వచ్చునన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. బేసిను ఖాళీ చేయడానికి బావి దగ్గరికి పోయినప్పుడు తట్టింది. బేసిను కింద పెట్టి కూర్చుండిపోయాను.

దొరసాని చెయ్యి పోకుండా కాపాడింది. అంతవరకే కాపాడగలిగింది. పుండు మానుతూ మానుతూ చర్మం ముడుచుకుపోయి మణికట్టు లోపలికి వంగింది, మూడు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకున్నాయి. ఆ చేతితో కత్తెర పట్టలేదు, సూది పట్టలేదు. నర్సు పని మాట ఎవరూ ఎత్తలేదు. చెప్పినా వినలేదట, చేసుకున్నవారికి చేసుకున్నంత అని వాడలో అన్నారు. ఆ మాట ఎక్కడి నుంచి పాకిందో నాకు తెలుసు. నా నుంచే. మణెమ్మ ఎవరితోనూ అది అబద్ధమని అనలేదు. ఎంగిలి చెయ్యి కొంగుకు తుడుచుకున్నట్టు తప్పంతా తనకే తుడుచుకుంది.

ఆ ఏటికి చదువు చాలకపోయినా ఎవరో ఒకరు కావాలని నన్ను తీసుకున్నారు. తెల్లచీర కట్టిన మొదటి రోజు చేతులు సబ్బుతో మోచేతి దాకా కడగమన్నారు. కడిగాను. కంకి తడిసి పచ్చగా మెరిసింది. దొరసాని చూసింది, ఏమీ అనలేదు. అంటుందేమోనని ఆశపడ్డాను. ఒక్కసారి అన్నా నా అబద్ధంలో గింజంత నిజమైనా ఉండేది.

మణెమ్మకు సంబంధాలు రాలేదు. చివరికి అచ్చంపేట దగ్గరి పల్లెలో ఇద్దరు పిల్లల తండ్రికి ఇచ్చారు. మంచివాడే. ఆమె ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంది, ఎడమ చేత్తో కలుపు తీయడం నేర్చుకుంది. గటక తినే చేతికి కంకి ఉండాలన్న చిన్నమ్మ మాట గుర్తొచ్చి ఒక్కోసారి ముద్ద కలుపుతూ నా చేతినే చూస్తాను. తినకుండా ఏమీ లేను.

ఎనిమిదేళ్ళ కింద ఆమె కాన్పుకు మా దగ్గరికే వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా దొరసాని, నేను ఆమె దగ్గరే ఉన్నాం. నొప్పి వచ్చినప్పుడల్లా మణెమ్మ ఎడమ చేత్తో నా కుడి మణికట్టు పట్టుకునేది. సరిగ్గా కంకి మొదలు దగ్గర. విడిపించుకోలేదు నేను. ఆడపిల్ల పుట్టింది. దొరసాని చేతులు కడుక్కోవడానికి పోయింది. గదిలో ఇద్దరమే మిగిలాం. మణెమ్మ నా చెయ్యి ఇంకా వదలలేదు. బొటనవేలితో కంకి మీద మెల్లగా రాసింది, కింది నుంచి పైదాకా, గింజ గింజ.

"మా అమ్మ పాలు నీ చేతిమీదనన్న మిగిలినయ్ లే అక్కా," అన్నది.

కోపం లేదు ఆ గొంతులో. దెప్పడం కూడా కాదు. అలసిపోయిన మనిషి ఉన్నమాట అన్నట్టు అన్నది. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. ఆ రోజు గోడ వైపు తిరిగినప్పుడే ఆమెకు తెలుసు. ఏడేళ్ళు తెలిసే ఉంది. తెలిసీ నా చేతుల్లో కనడానికి వచ్చింది. అప్పుడైనా నోరు విప్పాలి కదా. బిడ్డను తుడుస్తూ ఉండిపోయాను. బిడ్డకు ఏం పేరు పెడతవని అడిగాను. ఇదీ నేను అడిగింది.

ఆమెకు తెలిసినప్పుడు ఇంకా ఒప్పుకునేదేముంది అని మీరనవచ్చు. నేనూ అదే అనుకుని ఎనిమిదేళ్ళు గడిపాను. కానీ ఆమెకు తెలియడం వేరు, నేను చెప్పడం వేరు. ఆమె తనంతట తాను తెలుసుకుంది, అందులో నేనిచ్చిందేమీ లేదు. నేను చెప్పాల్సింది నేను ఇవ్వాల్సింది. అది ఇంకా నా దగ్గరే ఉంది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఒక సంగతి జరిగింది. బయట అంతా గడబిడగా ఉంది, బస్సులు తిరగడం లేదు, అయినా ఈ ఏడు నర్సు పనికి ముగ్గురు అమ్మాయిలు నడిచి వచ్చారు. ఆ పాత దొరసాని లోకమంతా లడాయి నడిచిన రోజుల్లోనే తన దేశం వెళ్ళిపోయింది. కొత్త అమ్మాయిలకు పని నేర్పేది ఇప్పుడు నేనే. వాళ్ళలో ఎస్తేరు అనే పిల్ల ఎప్పుడూ కొంగును ముంజేతికి చుట్టుకుని ఉంటుంది. మొన్న మధ్యాహ్నం కట్టు గుడ్డలు చుడుతుంటే నా పక్కన చేరి కొంగు తీసి చూపించింది. తులసికోట పచ్చబొట్టు. వాళ్ళ నాయనమ్మ పొడిపించిందట. తోటి పిల్లలు నవ్వుతున్నారట. "తీసేసుకోమంటవా అక్కా, ఉంచుకోమంటవా?" అని అడిగింది.

నేను చుడుతున్న గుడ్డను పక్కన పెట్టాను. నీ చెయ్యి, నీ ఇష్టం అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది సరైన మాటే. కానీ సగమే చెప్పి ఒకసారి ఒక మనిషి చేతిని తిన్నాను. అందుకని మొత్తం చెప్పాను. అది నీ చెయ్యి, నీ ఇష్టం. ఉన్నా ఈ దవాఖానకు సమ్మతమే, పోయినా సమ్మతమే. తీసేయాలని నీకే అనిపిస్తే డాక్టరమ్మకు చూపించేదాకా ఆగు. జీడిరసం, సున్నం, నాటుమందు ఏదీ పెట్టకు. ఎవరు చెప్పినా పెట్టకు. నేను చెప్పినా పెట్టకు. చివరి మాట ఎందుకన్నానో ఆ పిల్లకు అర్థం కాలేదు. నా చేతి మీది కంకిని చూసి నవ్వి, కొంగు సర్దుకోకుండానే వెళ్ళిపోయింది.

పదిహేనేళ్ళ కింద నా చేతికిచ్చి పంపిన మాట అట్లా చివరికి చేరింది. చేరాల్సిన మనిషికి కాదు. ఆ సాయంత్రం మణెమ్మకు ఉత్తరం రాద్దామని కూర్చుని, ఆమె పేరు రాసి, కింద ఏమీ రాయలేక ఆ కాగితాన్నే తిప్పి మీకు రాయడం మొదలుపెట్టాను. ఆమె క్షమిస్తుందో లేదో నాకు తెలియదు. క్షమించమని అడిగే ధైర్యమూ లేదు. మీరు కూడా ఏమీ అనకండి. నాకు ఒక్క వాక్యం సరిచేయాలని ఉంది, అంతే. ఆ రోజు బేసిను పట్టుకుని నేనన్న వాక్యం.

మణెమ్మ వినకపోలేదు. నేనే చెప్పలేదు.